టండ్రాలో చెట్లు లేనిది చలి వల్ల కాదు

మీ అబ్బాయి పాఠంలో "టండ్రాలో విపరీతమైన చలి వల్ల చెట్లు పెరగవు" అని ఉంది, ఆ పక్కనే "వర్షపాతం ఎడారిలో ఉన్నంతే" అని ఉంది, మళ్లీ ఆ కిందే "చిత్తడి నేలలు ఎక్కువ" అని ఉంది, ఈ మూడింటికీ పొంతన కుదరడం లేదని రాశారు. మీ సందేహం న్యాయమైనదే. (టండ్రా అంటే ఆర్కిటిక్ సముద్రం చుట్టూ చెట్లు లేకుండా పరుచుకున్న నేల.) చివరి రెండు మాటలూ నిజం. మొదటిదే తప్పు, మనందరం బళ్లో బట్టీ పట్టింది మాత్రం దాన్నే. అక్కడ జంతువులు, మనుషులు ఎలా నెగ్గుకొస్తున్నారని, చూడాలంటే ఎప్పుడు రావాలని కూడా అడిగారు. ఒక్కొక్కటే చెబుతాను. నేను అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో నేల పరీక్షల ఇంజనీరుని. కట్టడాల కింద గడ్డకట్టిన నేల ఏ స్థితిలో ఉందో చూసి చెప్పడం నా ఉద్యోగం. కాబట్టి నేల గురించి కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి.

ముందు చలి సంగతి. అమెరికా మొత్తంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 62.2 డిగ్రీల సెల్సియస్. 1971 జనవరి 23న అలాస్కాలోని ప్రాస్పెక్ట్ క్రీక్‌లో కొలిచారు. ఆ చోటు చుట్టూ ఉన్నది స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్ల అడవి. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి పోతే, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉట్కియాగ్విక్ అనే ఊరు వస్తుంది. పాత పటాల్లో దాని పేరు బారో. సముద్రం పక్కనే ఉండటంతో అక్కడ చలి రికార్డు మైనస్ 49 దగ్గర ఆగిపోయింది. అయినా ఆ ఊరి చుట్టుపక్కల మచ్చుకైనా చెట్టు కనిపించదు. సైబీరియాలోనూ ఇదే కథ. మైనస్ 67 డిగ్రీల కంటే దిగువకు పోయిన వెర్ఖోయాన్‌స్క్, ఒయ్‌మ్యాకోన్ ఊళ్ల చుట్టూ లార్చ్ చెట్లు దర్జాగా నిలబడి ఉన్నాయి. చలే చెట్లను చంపేదైతే ముందు ఈ అడవులు పోవాలి.

తేడా అంతా వేసవిలో ఉంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో జులై సగటు ఉష్ణోగ్రత 17 డిగ్రీల దాకా ఉంటుంది. ఉట్కియాగ్విక్‌లో 5 డిగ్రీలు. జులై సగటు 10 డిగ్రీలు ఉండే చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద ఒక గీత గీస్తే, అడవి ఆగిపోయే చోటు దాదాపు ఆ గీత వెంటే నడుస్తుంది. చలికాలంలో చెట్టుకు పనేమీ లేదు, నిద్రపోతుంది. శరదృతువులో కణాల్లోని నీటిని మెల్లగా కణాల మధ్య ఖాళీల్లోకి పంపేస్తుంది. మంచు స్ఫటికాలు అక్కడ ఏర్పడితే కణానికి హాని ఉండదు. లోపల చక్కెరలు చిక్కబడతాయి. ఇలా చలికి సిద్ధమైన సన్నటి కొమ్మలను ముందు మెల్లగా గడ్డకట్టించి, ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచినా బతికాయని జపాన్ శాస్త్రవేత్త అకిరా సకాయ్ 1960లో చూపించారు. ఇక ఏ శీతాకాలం వాటినేం చేస్తుంది?

చెట్టుకు గండం వేసవిలోనే. ఆ కొద్ది వారాల్లోనే కొత్త చిగురు వేయాలి, కాండం మీద కొత్త పొర కట్టాలి, వేళ్లు పెంచాలి, సూదుల్లాంటి ఆకుల మీద మైనపు పూత ముదరాలి. 10 డిగ్రీల లోపు వేసవిలో ఈ పనులు సగంలో ఆగిపోతాయి. పూత ముదరని ఆకుల్లోంచి శీతాకాలపు గాలి తేమను పీల్చేస్తుంది, కింద గడ్డకట్టిన నేల బొట్టు నీరివ్వదు. దానికి తోడు గాలికి ఎగిరే మంచు రేణువులు ఇసుక కాగితంలా రుద్దుతూ, మంచు మట్టానికి పైకి లేచిన కొమ్మలను ఒరిపిడి పెట్టేస్తాయి. తల ఎత్తినదల్లా అలా పోతుంది.

అందుకే అక్కడ చెట్లు పడుకున్నాయి. ఆర్కిటిక్ విల్లో నిజానికి కలప కాండం ఉన్న మొక్కే, కానీ నేలకు అతుక్కుని కొన్ని అంగుళాల ఎత్తులోనే పాకుతుంది. ఎండ కాసే రోజున మోకాళ్ల మీద కూర్చుని నాచు మీద అరచెయ్యి ఆనిస్తే కారణం తెలుస్తుంది. ముఖానికి చల్లగాలి కొడుతూ ఉంటుంది, అరచేతి కింద మాత్రం వెచ్చగా ఉంటుంది. నేలకు రెండు మూడు అంగుళాల పైదాకా ఉండే ఆ పల్చటి పొరే టండ్రా మొక్కల ప్రపంచం. గసగసాల జాతికి చెందిన ఆర్కిటిక్ పాపీ తన పసుపు పచ్చ పూగిన్నెను సూర్యుడి వెంట తిప్పుతూ లోపల బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడి నిలుపుకుంటుంది. పురుగులు పుప్పొడి కోసమే కాదు, చలి కాచుకోవడానికి కూడా దాంట్లో కూర్చుంటాయి.

ఇప్పుడు మీ రెండో చిక్కుముడి. ఉట్కియాగ్విక్‌లో ఏడాది మొత్తానికి, మంచు కరిగిన నీటితో కలిపి, పడేది 115 నుంచి 140 మిల్లీమీటర్లు. కరువుకు పేరుపడ్డ అనంతపురంలో సుమారు 550 పడుతుంది. అంటే మన అనంతపురంలో నాలుగో వంతు. అయినా జులైలో టండ్రాలో మోకాలి బూట్లు లేకుండా అడుగు పెట్టలేం. ఆ నీటికి పైకి పోయే దారీ లేదు, కిందికి పోయే దారీ లేదు. చల్లటి గాలిలో ఆవిరి కావడం అంతంతమాత్రం. కింద ఏళ్ల తరబడి కరగని నేల. దీన్నే పెర్మాఫ్రాస్ట్ అంటారు. వరసగా రెండేళ్లకు తక్కువ కాకుండా సున్నా డిగ్రీల లోపు ఉన్న నేల ఏదైనా ఈ లెక్కలోకే వస్తుంది, కానీ ఇక్కడ ఉన్నది వేల ఏళ్ల నాటిది. అలాస్కా ఉత్తర తీరంలోని ప్రూడో బే చమురు క్షేత్రం దగ్గర దాని మందం సుమారు 600 మీటర్లు. సైబీరియాలోని యాకుత్‌స్క్‌లో ఫ్యోదర్ షెర్గిన్ అనే వర్తకుడు 1828లో మంచినీళ్ల బావి తవ్వించడం మొదలుపెట్టాడు. దాదాపు పదేళ్లపాటు తవ్వి 116 మీటర్లు దిగినా చుక్క నీరు పడలేదు, అడుగు కూడా గడ్డకట్టే ఉంది. బావిగా ఎందుకూ పనికిరాలేదు, నేల ఉష్ణోగ్రతలు కొలవడానికి మాత్రం శాస్త్రవేత్తలకు బంగారంలా పనికొచ్చింది.

వేసవిలో కరిగేది పై పొర ఒక్కటే. దాన్ని కొలవడానికి మేం వాడే పరికరం చూస్తే నవ్వుకుంటారు. అది ఒక ఇనుప చువ్వ, పైన పట్టుకోవడానికి అడ్డపిడి. నాచులోకి నిలువుగా దించితే ముందు మెత్తగా, చప్పుడు లేకుండా దిగుతుంది. తర్వాత సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ నల్లటి పీట్ మట్టి తగిలి కాస్త బరువెక్కుతుంది. మోకాలి లోతు కూడా పోకముందే ఠంగుమని ఆగుతుంది, ఆ దెబ్బ మోచేతుల దాకా తెలుస్తుంది. బయటికి లాగి చువ్వ కొసను ముట్టుకుంటే వేలు జివ్వుమంటుంది. దట్టమైన నాచు ఉన్నచోట ఆగస్టులో కూడా ముప్ఫై నలభై సెంటీమీటర్లకే గడ్డ తగులుతుంది. పక్కనే నాచు చెదిరిన చోట మీటరు దాటినా తగలకపోవచ్చు. ఆ నాచే నేలకు దుప్పటి. 1940లలో చమురు వెతకడానికి వచ్చిన బండ్లు ఆ దుప్పటిని చింపుకుంటూ పోయిన జాడలు ఇప్పటికీ నీళ్లు నిండిన కాలవల్లా విమానంలోంచి కనిపిస్తాయి.

విమానంలోంచి ఇంకొకటి కూడా కనిపిస్తుంది. నేలంతా పలకలు పలకలుగా ఉంటుంది, ఒక్కో పలక పది నుంచి ముప్ఫై మీటర్ల వెడల్పు. నడి శీతాకాలంలో నేల బిగుసుకుని సన్నగా చీలుతుంది. వసంతంలో ఆ చీలికలోకి మంచునీరు దిగి గడ్డకడుతుంది. మరుసటేడు మళ్లీ అక్కడే చీలుతుంది. ఇలా వందల ఏళ్లు సాగితే భూమిలో మేకులా దిగిన మంచు గోడలు తయారవుతాయి. వాటి అంచులు పైకి ఉబ్బి, మధ్యలో నీరు నిలుస్తుంది. టండ్రాలో లెక్కలేనన్ని మడుగులకు ఇదొక కారణం.

మడుగులున్నాయంటే దోమలున్నాయి. అలాస్కా దోమల గురించి విన్నది ఎంత అతిశయోక్తిగా తోచినా నమ్మండి. కారిబూ అనే అడవి రెయిన్‌డీర్ల మందలు మేత వదిలేసి గాలి వీచే సముద్రపు ఒడ్డుకో, కరగకుండా మిగిలిన మంచు పలకల మీదకో పారిపోతాయి. కానీ ఆ పురుగుల కోసమే ప్రపంచం నలుమూలల నుంచి పక్షులు ఇక్కడికి వస్తాయి. మన తెలుగు వాళ్లకు నిజమైన చుట్టరికం ఈ దగ్గరే ఉంది. తేలినీలాపురం, నేలపట్టు కొంగలను, గూడబాతులను చూసి "సైబీరియా పక్షులు" అని పత్రికల్లో రాస్తుంటారు. అవి సైబీరియా మొహం ఎరగవు, మన దేశపు పక్షులే. అసలు టండ్రా నుంచి వచ్చేవి పులికాట్ బురద తిన్నెల మీద పరుగులు తీసే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. కర్ల్యూ సాండ్‌పైపర్, లిటిల్ స్టింట్ అని వాటి ఇంగ్లిషు పేర్లు. పిడికెడు కూడా ఉండని ఈ పిట్టలను ఎవరూ పట్టించుకోరు, ఫొటోలన్నీ కొంగలకే.

కర్ల్యూ సాండ్‌పైపర్ గుడ్లు పెట్టే చోట్లలో ముఖ్యమైనది సైబీరియా ఉత్తర కొసన ఉన్న తైమీర్. అక్కడ లెమ్మింగ్ అనే ఎలుక జాతి జంతువు మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఆ వెంటనే కుప్పకూలుతుంది. లెమ్మింగ్‌లు దండిగా ఉన్న ఏడాది ఆర్కిటిక్ నక్కలు వాటినే తిని పిట్టల గూళ్ల జోలికి రావు. లెమ్మింగ్‌లు లేని ఏడాది గుడ్లూ పిల్లలూ నక్కల పాలే. ఆ తర్వాతి నెలల్లో దక్షిణాఫ్రికా తీరాలకు చేరే సాండ్‌పైపర్లలో పిల్ల పక్షుల వాటా ఎంత అన్నది చూస్తే తైమీర్‌లో లెమ్మింగ్‌ల పరిస్థితి ఎలా ఉండిందో తెలిసిపోతుంది. అన్నట్టు, లెమ్మింగ్‌లు గుంపులుగా కొండ మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్నది కట్టుకథ. 1958లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ కోసం వాటిని మనుషులే కిందికి తోసి చిత్రీకరించారు.

ఈ లెమ్మింగ్ శీతాకాలం ఎలా గడుపుతుందో చూస్తే నేను మొదట చెప్పింది మళ్లీ రుజువవుతుంది. అది నిద్రపోదు. మంచు కింద సొరంగాలు చేసుకుని గడ్డి, నాచు తింటూ, అక్కడే పిల్లల్ని కూడా కంటుంది. మంచులో చిక్కుకున్న గాలి వల్ల, పైన మైనస్ 40 ఉన్నా అడుగున సున్నాకు ఎంతో దూరం పోదు. మంచు పల్చగా పడిన ఏడాదే దానికి చావు. ఆర్కిటిక్ నేల ఉడుత పద్ధతి వేరు. ఏడెనిమిది నెలలు బొరియలో నిద్రపోతూ శరీర ఉష్ణోగ్రతను సున్నాకు కూడా దిగువకు, మైనస్ 2.9 డిగ్రీల దాకా దించేస్తుంది. రక్తం మాత్రం గడ్డకట్టదు. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ బార్న్స్ దీన్ని 1989లో వెల్లడించారు. రెండు మూడు వారాలకోసారి వణుకుతూ తనను తాను వేడి చేసుకుని, కొద్ది గంటలు మామూలు ఒంటి వేడితో ఉండి, మళ్లీ చల్లబడుతుంది. ఇక మా ఊరి అడవిలోని వుడ్ ఫ్రాగ్ అనే కప్ప నిజంగానే గడ్డకడుతుంది. గుండె ఆగిపోతుంది, ఊపిరి ఉండదు, కణాలు దెబ్బతినకుండా గ్లూకోజు కాపాడుతుంది. వసంతంలో కరిగి గెంతుకుంటూ వెళ్లిపోతుంది.

మనుషుల విషయానికొస్తే, "అలవాటు పడతారు" అనే మాట నాకు అంతగా రుచించదు. మనిషి ఒంట్లో జరిగే మార్పు స్వల్పం. అలాస్కా ఉత్తర తీరపు ఆదివాసులైన ఇన్యుపియాట్ ప్రజలను నిలబెట్టింది తరతరాల కుట్టుపని, వేట, తిండి. కారిబూ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. దాని తోలుతో రెండు అంగీలు కుడతారు. లోపలిదానికి బొచ్చు ఒంటివైపు, పైదానికి బయటివైపు. చెమట పట్టబోతుంటే మెడ దగ్గర వదులు చేసుకుంటారు, ఎందుకంటే ఆ చలిలో తడిసిన బట్ట ప్రాణం తీస్తుంది. కూరగాయలు లేని చోట సి విటమిన్ ఎక్కడిదని అడగవచ్చు. కొవ్వుతో కలిపి తినే తిమింగలం చర్మంలో అది ఉంది. ఆ మాంసాన్ని దాచడానికి గడ్డ నేలలోకి గుంత తవ్వి, నిచ్చెనతో దిగే కొట్టు కట్టుకున్నారు. కరెంటు లేని ఫ్రీజరు అది. మావంటి పట్నవాసుల చలికాలం ఇంత ఘనంగా ఉండదు. కారు ఇంజనుకు హీటరు తగిలించి, రాత్రంతా కరెంటు తీగ పెట్టి ఉంచుతాం. ఆఫీసుల దగ్గర, దుకాణాల దగ్గర బండ్లు నిలిపే చోట్ల ప్లగ్గులు ఉంటాయి. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే, నూలు బట్టలు ఇంటి దగ్గర పెట్టి ఉన్ని బట్టలు తెచ్చుకోండి.

నా వృత్తిలో చలి శత్రువు కాదు, పునాది. వెచ్చగా ఉండే ఇల్లు నేల మీద ఆనించి కడితే ఆ వేడికి కింది మంచు కరిగి ఇల్లే కుంగిపోతుంది. అందుకే స్తంభాల మీద లేపి, అడుగున చల్లగాలి ఆడేలా వదులుతారు. 1977లో మొదలైన అలాస్కా చమురు గొట్టం పొడవు సుమారు 1,287 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా నేల మీద స్తంభాలెక్కి నడుస్తుంది, పాతిపెడితే వేడి నూనె దాని దారిని అదే కరిగించుకుంటుంది కాబట్టి. ఆ స్తంభాలు చాలావాటిలో అమ్మోనియా నింపిన మూసిన గొట్టాలున్నాయి. శీతాకాలంలో నేల వేడికి అడుగున అమ్మోనియా ఆవిరై పైకి లేస్తుంది, పైన చల్లగాలికి ద్రవమై కిందికి జారుతుంది, ప్రతి చుట్టుకీ నేలలోంచి కొంత వేడి తోడేస్తుంది. వేసవిలో పైన వెచ్చబడగానే చుట్టు దానంతటదే ఆగిపోతుంది. మోటారు లేదు, పైసా ఖర్చు లేదు. ఇంజనీరింగులో నాకు అతి ఇష్టమైన వస్తువు ఏదంటే దీన్నే చూపిస్తాను.

ఈ పునాదే ఇప్పుడు వదులవుతోంది. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. చలి తగ్గితే బతకడం సులువే కదా అనుకుంటారు. రష్యాలోని యమాల్‌లో 2013 నవంబరులో ఏం జరిగిందో చూడండి. మంచు మీద వాన పడింది. ఆ నీరు వెంటనే గడ్డకట్టి మేత మీద గాజు పలకలా బిగుసుకుంది. గిట్టలతో మెత్తటి మంచు తవ్వి నాచులాంటి లైకెన్లు తినే రెయిన్‌డీర్లు ఆ గట్టి పలకను పగలగొట్టలేక ఆకలితో చచ్చాయి. ఆ శీతాకాలంలో సుమారు 2,75,000 జంతువుల్లో 61,000 పోయాయి. వాటి మీదే బతికే నెనెట్స్ కాపరుల్లో ఎందరో మందలు పోయి మళ్లీ మొదటికొచ్చారు. మా దగ్గర పశ్చిమ అలాస్కాలో న్యూటాక్ అనే పల్లె ఏటి ఒడ్డు కరిగి కోసుకుపోతుంటే 2019 నుంచి మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలింది. అడవిలో కార్చిచ్చు నాచును కాల్చేస్తే కింది గడ్డ కరుగుతుంది. 2004 ఒక్క ఏడే అలాస్కాలో సుమారు 27 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. కుళ్లకుండా గడ్డకట్టిన నేలలో నిలవ ఉన్న మొక్కల అవశేషాల్లోని కార్బన్ వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపని అంచనా. అందులో ఎంత, ఎంత వేగంగా బయటికి వస్తుందన్న దాని మీదే ఇప్పుడు పరిశోధనలన్నీ.

ఇది దూరపు వాళ్ల గొడవ కదా అనకండి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో గడ్డ నేల కొండను తొలిచి 2008లో విత్తనాల ఖజానా తెరిచారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల నమూనాలు లక్షకు పైగా అక్కడ భద్రంగా ఉన్నాయి. 2016 శరదృతువులో మంచు పడాల్సిన కాలంలో వాన పడి, ఆ ఖజానా ప్రవేశ సొరంగంలోకి నీళ్లొచ్చాయి. గింజలకు ఏమీ కాలేదు కానీ సొరంగాన్ని తిరిగి కట్టుకోవలసి వచ్చింది.

చివరిగా మీ ప్రయాణం సంగతి. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు పూలు, పక్షులు, దోమలు. ఆగస్టు చివర్లో వస్తే దోమలు తగ్గి టండ్రా అంతా ఎర్రబారి ఉంటుంది. నా ఓటు దానికే. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి డాల్టన్ రహదారి మీద ఉత్తరానికి పోతే, అటిగన్ కనుమకు ముందు స్ప్రూస్ చెట్లు పొట్టివై, పల్చబడి, ఒక చోట పూర్తిగా ఆగిపోతాయి. ఆ గీతను బండి దిగి కళ్లారా చూడొచ్చు. దారి చాలాచోట్ల కంకరే. అద్దె కార్ల వాళ్లు చాలామంది అటు తీసుకెళ్లొద్దంటారు, ఒప్పందం చదివి, ఒప్పుకునేవాళ్ల దగ్గరే తీసుకోండి. రెండు అదనపు టైర్లు, ముఖానికి దోమల వల దగ్గరుంచుకోండి. దారిలో వచ్చే కోల్డ్‌ఫుట్ దాటాక రోడ్డు చివరనున్న డెడ్‌హార్స్ వరకు సుమారు 386 కిలోమీటర్లు బంకు లేదు, కోల్డ్‌ఫుట్‌లో ట్యాంకు నింపకుండా కదలకండి.